మొదట ఏది వినాలి: షోస్తకోవిచా, హార్ట్‌మనా?

నిర్బంధం నీడన పుట్టిన వయొలిన్ కన్చెర్టోలు (ఒంటరి వయొలిన్ ఆర్కెస్ట్రాతో కలిసి పలికే కృతులు) ఇవి రెండూ. సోవియట్ స్వరకర్త షోస్తకోవిచ్ తన మొదటి వయొలిన్ కన్చెర్టోను 1947–48లో, స్టాలిన్ పాలనలో రాశాడు. జర్మన్ స్వరకర్త హార్ట్‌మన్ 'కన్చెర్టో ఫ్యునేబ్రే' (శోక కన్చెర్టో) 1939లో, నాజీ జర్మనీలో పుట్టింది.

సమయం: షోస్తకోవిచ్‌కు సుమారు 35–40 నిమిషాలు. హార్ట్‌మన్‌ది దాదాపు 20 నిమిషాలే.

బృందం: షోస్తకోవిచ్‌కు పెద్ద ఆర్కెస్ట్రా కావాలి, అయితే అందులో ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఉండవు. హార్ట్‌మన్‌కు తీగవాద్యాలు చాలు.

శ్రమ: ఇక్కడ షోస్తకోవిచ్‌కు సాటిలేదు. మూడో భాగమైన పాసకాలియా (కింది స్వరాల్లో ఒకే వరస మళ్లీ మళ్లీ వచ్చే రూపం) తర్వాత వయొలిన్ ఒంటరిగా నిమిషాల తరబడి మోగి, ఆగకుండా చివరి భాగంలోకి దూకుతుంది. కాస్త చెమట తుడుచుకునే వ్యవధి ఇవ్వమని వయొలిన్ విద్వాంసుడు ఓయిస్ట్రాఖ్ అడిగితే, ఆ భాగం ఆరంభాన్ని స్వరకర్త ఆర్కెస్ట్రాకు అప్పగించాడు. ఆ కొద్ది క్షణాలను గమనించి వినండి.

ముప్పు: 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ తీర్మానం షోస్తకోవిచ్‌ను దుయ్యబట్టింది. కన్చెర్టో బీరువాలోనే ఉండిపోయి, 1955లో లెనిన్‌గ్రాడ్‌లో ఓయిస్ట్రాఖ్ చేతుల్లో తొలిసారి పలికింది. హార్ట్‌మన్ దేశం వదలలేదు, కానీ తన సంగీతాన్ని స్వదేశంలో వాయించనివ్వలేదు. అతని కన్చెర్టో 1940లో స్విట్జర్లాండ్‌లో మోగింది. మొదట్లో చెక్ హుస్సైట్ (మధ్యయుగపు మత సంస్కరణ ఉద్యమకారుల) కీర్తన, చివర్లో రష్యన్ విప్లవ శోకగీతం: నాజీలపై నిరసనను ఇంతకంటే బాహాటంగా చెప్పడం కష్టమే.

రాత్రి ఒక అరగంటలోపే తీరిక దొరికితే హార్ట్‌మన్. సెలవు రోజు, మంచి హెడ్‌ఫోన్లు, వయొలిన్ నేర్చుకుంటున్న మనిషి ఇంట్లో ఉంటే షోస్తకోవిచ్. నా ఓటు షోస్తకోవిచ్‌కే, పాసకాలియా కోసం.