అమెరికాలో ఒక చెరువుకట్ట

న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీ అంటే మనవాళ్ళకి క్యాసినోలు, సముద్రపు ఒడ్డు, మహా అయితే ఔట్‌లెట్ షాపులు. అక్కడికి ఇరవై నిమిషాల దూరంలో ఎడ్విన్ బి. ఫోర్‌సైత్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ అనే అభయారణ్యం ఉందని చెబితే, "పక్షుల కోసం అంత దూరమా?" అన్నాడు మా కొలీగ్. ఎడిసన్ ఊరి నుంచి పార్క్‌వే హైవే మీద గంటన్నర, అంతే. నేను రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి, నవంబరులో, ఊరి నుంచి వచ్చిన అమ్మ తోడుంది.

ముందు బస సంగతి. మొదటిసారి ఆశపడి క్యాసినో హోటల్లో దిగాను. సైట్లో చూపించిన రేటు ఒకటి, రిసార్ట్ ఫీజూ పార్కింగూ కలిపి చేతికిచ్చిన బిల్లు ఇంకొకటి. పైగా కారిడార్ పొడుగునా సిగరెట్ కంపు. అమ్మతో వెళ్ళినప్పుడు ఊరవతల రూట్ 30 పక్కన మామూలు హోటల్ తీసుకున్నాను. దుప్పటి పల్చన, కాఫీ నీళ్ళ చారు. అయినా పొద్దున ఏడింటికల్లా రెఫ్యూజ్ గేటు దగ్గరున్నాం, నాకదే ముఖ్యం.

అసలు చూడాల్సింది వైల్డ్‌లైఫ్ డ్రైవ్. ఎనిమిది మైళ్ళ కంకర రోడ్డు, వన్ వే. మధ్యలో వెనక్కి తిరగడానికి లేదు కాబట్టి బాత్రూం పని విజిటర్ సెంటర్లోనే ముగించుకోండి. కారు గంటకి పదిహేను మైళ్ళు దాటకూడదు. మోకాళ్ళు పట్టేసే అమ్మకి కారు దిగకుండానే అన్నీ కనబడ్డాయి: తెల్లటి స్నో గీస్ గుంపులు, స్తంభాల మీద ఖాళీ అయిన ఆస్ప్రే (చేపలు పట్టే గద్ద) గూళ్ళు, నీళ్ళకి అవతల దూరంగా క్యాసినో మేడలు.

రెండు మైళ్ళు పోయాక అమ్మ కారాపమంది. ఒకపక్క సముద్రం పోటుకి నిండుతూ తగ్గుతూ ఉండే ఉప్పు చిత్తడి, రెండోపక్క కదలని నీళ్ళు. కాసేపు అటూ ఇటూ చూసి, "ఒరే, ఇది రోడ్డు కాదురా, చెరువుకట్ట. అదిగో, తూము కూడా ఉంది" అంది.

మాది దొరవారిసత్రం పక్క. నేలపట్టు చెరువులో నీటికడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి, వాటిని చూడ్డానికి కట్ట మీదే నడిచి పెరిగాం. మొదటిసారి ఎనిమిది మైళ్ళు నడిపినా నాకు తట్టనిది ఆవిడకి ఒక్క చూపులో తెలిసిపోయింది. దిగి చూశాను. కాంక్రీటు గాడిలో ఒకదాని మీద ఒకటి దించిన చెక్క పలకలు, వాటి సందుల్లోంచి సన్నగా జారుతున్న నీళ్ళు. పలక తీస్తే మడుగు తగ్గుతుంది, వేస్తే నిండుతుంది. బురదలో పురుగులేరుకునే పిట్టల కోసం వసంతంలో నీళ్ళు దించుతారు, బాతుల కోసం శరదృతువులో పెంచుతారు.

2012 అక్టోబరు 29న శాండీ తుఫాను తీరం దాటింది ఈ పక్కనున్న బ్రిగాంటీన్ దగ్గరే. ఈ కట్టకి గండ్లు పడ్డాయి. ఉప్పునీళ్ళు లోపలి మడుగులోకి వచ్చేశాయి, చిత్తడి నిండా పడవలూ డాక్ ముక్కలూ చెత్తా పేరుకుపోయాయి. గండి పూడ్చి, కట్ట గట్టిచేసి, మళ్ళీ కంకర పోస్తేగానీ కారు పోవడానికి దారి లేదు. ఇక్కడ రోడ్డు బాగుచేయడమంటే పక్షులకి నీళ్ళు బాగుచేయడమే. ఊరివాళ్ళే కలిసి చెరువు బాగుచేసుకునే మన కుడిమరామత్తు కూడా అదే కదా, పూడిక తీసి కట్ట మీద పోసుకోవడం.

ఇలాంటి పనులకి డబ్బు ఎక్కడెక్కడిదంటే, ఒకటి, 2020 నాటి గ్రేట్ అమెరికన్ ఔట్‌డోర్స్ చట్టం పేరుకుపోయిన మరమ్మతుల కోసం అయిదేళ్ళపాటు ఏటా 190 కోట్ల డాలర్ల దాకా కేటాయించింది. దేశంలోని రెఫ్యూజ్‌లన్నిటికీ కలిపి దక్కింది అందులో అయిదు శాతమే. సింహభాగం నేషనల్ పార్కులది. కారుకి మేం కట్టిన నాలుగు డాలర్లు కూడా ఊరికే పోవు, గేటు ఫీజులో కనీసం 80 శాతం వసూలైన చోటే ఖర్చుపెట్టాలని నియమం. బాతుల వేటకి ప్రభుత్వం అమ్మే పాతిక డాలర్ల డక్ స్టాంపు కొన్నా లోపలికి రానిస్తారు. స్టాంపు అందంగా ఉంది, అమ్మ తన పర్సులో దాచేసుకుంది.

ఆఖర్న లీడ్స్ ఎకో ట్రైల్, అరమైలు. కొంతదూరం చెక్క బాట, చక్రాల కుర్చీ కూడా పోతుంది. పాత పలకలు బూడిదరంగు తిరిగాయి, మధ్యమధ్యలో పచ్చదనం వదలని కొత్తవి. అమ్మ కర్ర ఊనుకుంటూ కొత్త పలకల మీదే అడుగులేస్తూ పోయింది, "పాతవాటి మీద నాకు నమ్మకం లేదు" అని. పాతవీ గట్టిగానే ఉన్నాయి, నేను తొక్కి చూశాను. ఆవిడ వినలేదు.

తినడానికి లోపల ఏమీ దొరకదు, మేం పులిహోర డబ్బా తీసుకెళ్ళాం. ఇక ఆగస్టులో మాత్రం పొరపాటున కూడా వెళ్ళకండి. మొదటిసారి నేను ఫోటో కోసం కారు అద్దం నాలుగంగుళాలు దించాను. గ్రీన్‌హెడ్ అని, మన జోరీగలకి పెద్దన్న. ఆ ఎనిమిది మైళ్ళలో మిగతా ఆరూ కారులో వాటితోనే ప్రయాణం.