గేటు నుంచి పోర్టికో దాకా పేవర్లు: కింద వేసిన బేస్ ఎలా నిలబడింది

శ్రీకాకుళంలో మా ఇల్లున్న లేఅవుట్ ఒకప్పుడు వరి పొలం. వానాకాలంలో బంక, ఎండాకాలంలో వేలు దూరేంత బీటలు. అలాంటి నేల మీద 2019 వేసవిలో పేవర్ బ్లాకులు వేయించాం. రోజూ కారు తిరుగుతుంది, అప్పుడప్పుడు నీళ్ల ట్యాంకర్ కూడా లోపలికొస్తుంది. ఇప్పటికీ చక్రాల దారిలో పల్లం పడలేదు. చూసినవాళ్లు బ్లాకులు ఎక్కడ కొన్నారని అడుగుతారు. నేను మాత్రం కింది బేస్ గురించే చెబుతాను.

సుమారు అడుగు లోతు తవ్వించాం. బ్లాకుకు మూడంగుళాల పైమాట, ఇసుకకు అంగుళం, మిగతా ఎనిమిది అంగుళాలు కంకర పొరకు, అంటే మెటల్‌కు. కారు ఒక్కటే అయితే 60 ఎంఎం బ్లాకు చాలు, ట్యాంకర్ కోసం 80 ఎంఎం తీసుకున్నాం. తవ్విన మట్టిని తొక్కించి, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచాం. అది లేకపోతే బంకమట్టి నానినప్పుడల్లా మెటల్ అందులోకి దిగిపోతుంది. ఆ తర్వాత ఒకసారి బోరు పైపు కోసం ఒకచోట బ్లాకులు లేపాల్సొచ్చింది. గుంట అంచు చూస్తే గుడ్డకు పైన మెటల్ శుభ్రంగా, కింద నల్లమట్టి, మధ్యలో గీత గీసినట్టుంది. ఖర్చు పెట్టినందుకు అప్పుడు నిజంగా సంతోషం కలిగింది.

మెటల్ అంటే ఒకే సైజు కంకర కాదు. 40 ఎంఎం రాయి నుంచి డస్ట్, అంటే రాతిపొడి, దాకా అన్నీ కలిసిన వెట్ మిక్స్. మొత్తం ఒకేసారి పోసి పైన తొక్కిస్తే పైపొరే బిగుస్తుంది, అడుగు వదులుగానే ఉండిపోతుంది. అందుకే నాలుగేసి అంగుళాలు పరుస్తూ, నీళ్లు చల్లుతూ, ప్లేట్ వైబ్రేటర్ తిప్పారు. తడి సరిపోయిందో లేదో చూడటానికి ప్రతి వరసకీ మేస్త్రీ గారు గుప్పెడు మిక్స్ తీసి పిడికిలి బిగించేవారు. ముద్ద విడిపోకూడదు, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు.

వాలు కూడా ఆ మెటల్‌లోనే ఇవ్వాలి. పది అడుగులకు రెండున్నర అంగుళాలు, వీధి కాలువ వైపు. ఇసుకతో మట్టం సరిచేస్తే ఒకచోట అంగుళం, ఇంకోచోట మూడంగుళాలు పడుతుంది, మందంగా ఉన్నచోటే దిగుతుంది. విజయనగరంలో మా పిన్ని వాళ్లింట్లో జరిగింది అదే. రెండో వానాకాలానికే చక్రాల దారిలో నీళ్లు నిలిచాయి. మాకు మాత్రం 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కాలువ పొంగి గేటు లోపలికి నీళ్లొచ్చినా, అవి తగ్గాక చూస్తే అంచు బ్లాకులు కూడా కదల్లేదు. అంచున కర్బ్ రాళ్లకు వెనక కాంక్రీట్ దన్ను పెట్టించాం మరి.

బ్లాకుల కింద చాలామంది క్రషర్ డస్ట్ వేస్తారు, చవక కాబట్టి. అందులో మెత్తటి పొడి ఎక్కువైతే నీళ్లు పట్టి, బండి బరువుకి బురదవుతుంది. మేం నాగావళి ముతక ఇసుక జల్లించి వేశాం.

ఇబ్బందులూ ఉన్నాయి. డాబా నీళ్ల గొట్టం పడేచోట సందుల్లో ఇసుక కొట్టుకుపోయి కొన్ని బ్లాకులు కదిలాయి. గొట్టాన్ని కాలువలోకి మళ్లించాక ఆగింది. చీమలు ఇసుక పైకి తోడతాయి, గరిక మొలుస్తుంది. ఏటా రోహిణి కార్తె ఎండల్లో పొడి ఇసుక సందుల్లోకి ఊడ్పిస్తాం. తడి ఇసుక లోపలికి దిగదు.

బోరు పైపు గుంట సంగతి కూడా చెప్పాలి. పైపు వేసినవాళ్లు దాన్ని ఒకేసారి పూడ్చేశారు. కొన్నాళ్లకే అక్కడ అర అంగుళం దిగింది. అవే బ్లాకులు తీసి, గుంటను వరసలుగా మళ్లీ తొక్కించి, తిరిగి పేర్చాం. సిమెంట్ నేలైతే పగలగొట్టాల్సొచ్చేది.

ఎర్ర గ్రావెల్ నేల ఉన్నవాళ్లకు ఆరంగుళాల మెటల్ సరిపోవచ్చు, గుడ్డ కూడా అవసరం పడకపోవచ్చు. పొలాలు పూడ్చి వేసిన లేఅవుట్లలో మాత్రం ఎనిమిదికి తగ్గనివ్వకండి, రెండో వరస పోసేముందు మొదటి వరస తొక్కించారో లేదో దగ్గరుండి చూసుకోండి.