రెండేళ్ళు గళ్ళ పద్ధతిలో కుక్కల్ని, పిల్లుల్ని గీశాక

నాకు చిన్నప్పటి నుంచి బొమ్మలు గీసే అలవాటు లేదు. రెండేళ్ళ క్రితం మా పిల్లి ఫొటో ముందు పెట్టుకుని మూడు రోజులు కష్టపడితే కాగితం మీదకి పిల్లి వచ్చింది గానీ మా పిల్లి రాలేదు. అప్పుడే ఫొటో మీదా కాగితం మీదా గళ్ళు గీసుకుని, ఒక్కో గడి చూసి వేయడం మొదలుపెట్టాను. ఇప్పటికి నలభై దాకా గీశాను.

పోలిక విషయంలో ఈ పద్ధతికి తిరుగులేదు. కళ్ళ మధ్య ఎడం, చెవుల ఎత్తు, మూతి పొడవు వాటంతటవే కుదురుతాయి. ఏ4 కాగితం మీద రెండు సెంటీమీటర్ల గళ్ళు చాలు. కళ్ళూ ముక్కూ ఉన్న గడిని మాత్రం మళ్ళీ నాలుగు చేసుకుంటాను.

మొదట్లో ఒక పొరపాటు చేశాను. లేతగా పడుతుంది కదా అని గళ్ళని గట్టిగా ఉండే 2హెచ్ పెన్సిల్‌తో నొక్కి గీశాను. తుడిస్తే గీత పోయింది, గాడి మిగిలింది. షేడింగ్ వేయగానే బొచ్చు నిండా తెల్లటి గళ్ళు తేలాయి. ఆ రోజు ఏడుపొచ్చింది. ఇప్పుడు గళ్ళకి అంతకంటే మెత్తటి హెచ్‌బీ పెన్సిల్‌ని తాకీతాకనట్టు వాడతాను. ఆ గాడినేమో తెల్లటి మీసాలకి వాడుకుంటున్నాను: ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ముందే మీసాలు నొక్కి గీసి, పైన షేడింగ్ వేస్తే మీసం తెల్లగా మిగులుతుంది.

ఫొటో బాగోకపోతే గళ్ళు ఏమీ చేయలేవు. ఫోను మూతి దగ్గర పెట్టి తీస్తే ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా పడతాయి, గళ్ళు ఆ తప్పునే నమ్మకంగా దించుతాయి. రెండు మీటర్ల దూరం నుంచి, కుక్క లేదా పిల్లి కంటి ఎత్తులో కూర్చుని, జూమ్ చేసి తీయండి. ఫ్లాష్ అసలు వద్దు, కళ్ళు మెరిసిపోయి లోపల ఏమీ కనిపించదు. కిటికీ వెలుగు చాలా మంచిది.

నేను కళ్ళే ముందు గీస్తాను. మెరుపు చుక్కని కాగితం తెలుపుగానే వదలాలి. పై రెప్ప నీడ కనుగుడ్డు మీద పడుతుంది, అది వేయకపోతే కన్ను గోళీ గుచ్చినట్టు ఉంటుంది.

బొచ్చుకి గళ్ళు సాయపడవు. ముక్కు పై నుంచి నుదుటికి, చెంపల మీద వెనక్కి, అది ఎటు పోతుందో ఫొటోలో చూసి, వేరే కాగితం మీద బాణాలు వేసుకుంటాను. నల్ల కుక్కలకైతే బాగా మెత్తగా, ముదురుగా పడే 8బీ పెన్సిల్‌ని ఎంత రుద్దినా మెరుస్తుందే తప్ప నల్లబడదు. చిక్కటి నలుపుకి బొగ్గు పెన్సిల్ కావాలి, అదీ ముందే వేయాలి. మామూలు పెన్సిల్ పూత మీద బొగ్గు సరిగా పట్టదు.

ఒకటే లోటు. ఏడాది గడిచినా గళ్ళు లేకుండా చెవి కూడా గీయలేకపోయాను. అందుకే ఆరు నెలలుగా ముందు చూసి గీసి, తర్వాతే గళ్ళు పెట్టి సరిచూసుకుంటున్నాను. చెవులు ఇంకా కాస్త కిందకే పడుతున్నాయి.