కుండ నీళ్లా, ఫ్రిజ్ నీళ్లా?

మార్చి ఆఖరుకల్లా మా ఇంట్లోకి కొత్త కుండ వస్తుంది. తెచ్చిన రోజే తాగడానికి లేదు. రాత్రంతా నీళ్లు పోసి నాననిచ్చి, అవి పారబోసి, వంటింటి మూల తడి ఇసుక మీద కూర్చోబెట్టాలి. మొదటి వారం గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే వచ్చే ఆ మట్టి వాసన నాకు ప్రాణం. గుప్పెడు వట్టివేళ్లు మూటకట్టి వేస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఫ్రిజ్ నీళ్లు గొంతు జివ్వుమనిపిస్తాయే గాని దాహం తీరినట్టుండదు. పైగా ఖాళీ బాటిల్ నింపకుండా మళ్లీ లోపల పెట్టేవాళ్లతో రోజూ గొడవే.

కుండకూ ఓ ఇబ్బంది ఉంది. సన్నటి రంధ్రాల్లోంచి ఊరిన తడి ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. హైదరాబాద్ పొడిగాలికి అది బాగా సాగుతుంది, విశాఖ ఉక్కపోతలో అంతగా సాగదు. అక్కడ మా అక్క బాటిళ్లే వాడుతుంది, తప్పనను. ఉప్పునీళ్లైతే రంధ్రాలు పూడుకుపోతాయి కూడా, అందుకే మేం ఏటా కొత్తది కొంటాం.

కరెంటు పోయిన మధ్యాహ్నం మాత్రం నాకు కుండే కావాలి.