చిన్నపిల్లలతో డాలస్ ప్రయాణం: దోహా మేలా, దుబాయ్ మేలా?

పిల్లలతో అమెరికా వెళ్ళాలంటే మనవాళ్ళు ముందు టికెట్ ధర చూస్తారు, తర్వాత లగేజీ ఎన్ని కిలోలో చూస్తారు. మధ్యలో దిగే ఎయిర్‌పోర్టులో ఎన్ని ఎస్కలేటర్లు ఎక్కాలి, ఎన్ని రైళ్ళు మారాలి, పిల్లలు ఆడుకునే చోటు ఎక్కడుంది అని ఎవరూ అడగరు. మూడేళ్ళ బాబు, ఆరేళ్ళ పాపతో తిరిగొచ్చాక నేను ముందు అడిగేది అదే.

అసలు జాగ్రత్త శంషాబాద్‌లోనే మొదలవ్వాలి. డిపార్చర్స్ ర్యాంప్ మీద కార్లు ఆగుతూ, కదులుతూ ఉంటాయి. టికెట్ లేనివాళ్ళని లోపలికి పంపరు కాబట్టి సాగనంపడానికి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య, మేనమామలు అందరూ అక్కడే నిలబడతారు. ఒకరు కళ్ళు తుడుచుకుంటుంటారు, ఒకరు ఫొటో అంటారు, పిల్లల నాన్న డిక్కీలోంచి సూట్‌కేసులు దింపుతుంటాడు. ఇంతమంది ఉన్నాం, ఎవరో ఒకరు చూస్తారులే అని అందరూ అనుకుంటారు. సరిగ్గా అప్పుడే పిల్లాడు కార్ల వైపు నడుస్తాడు. అందుకే మేం ఏడుపులూ ఫొటోలూ ఇంటి దగ్గరే కానిచ్చాం. ర్యాంప్ మీద ముందు స్ట్రోలర్ దింపి, బాబుని కూర్చోబెట్టి బెల్టు పెట్టాకే మిగతా సామాను ముట్టుకున్నాం.

మాది కరీంనగర్. తెల్లవారుజాము ఫ్లైటు కావడంతో సాయంత్రమే వచ్చి ఎయిర్‌పోర్టు దగ్గరున్న నోవోటెల్‌లో ఆగాం. ఖరీదు ఎక్కువే. శంషాబాద్ ఊళ్ళో చవకగా లాడ్జిలు దొరుకుతాయి, పెద్దవాళ్ళయితే అవి చాలు. కానీ నిద్ర చాలని పిల్లాడు మాట వినడు, చెయ్యి విదిలించుకుని పరిగెత్తుతాడు. ఆ డబ్బు పెట్టినందుకు నాకేం బాధ లేదు.

సెక్యూరిటీ చెక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన దేశంలో ఆడవాళ్ళ లైను వేరు, మగవాళ్ళది వేరు. ఆడవాళ్ళని తెర చాటున తనిఖీ చేస్తారు. నేను తెర లోపల చేతులు చాపి నిలబడి ఉంటే, ఆయన అటు పక్క బెల్టు విప్పుతుంటే, పిల్లలు ఎవరి దగ్గరున్నట్టు? పైగా స్ట్రోలర్ మడిచి ఎక్స్‌రేలో పెట్టమంటారు. అందుకని ఒక వరస పెట్టుకున్నాం. ముందు ఆయన ఒక్కరే దాటి అవతల ట్రేల దగ్గర నిలబడాలి. తర్వాత పాప నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాలి. ఆఖర్న బాబుని ఎత్తుకుని నేను. సీఐఎస్ఎఫ్ ఆవిడ తెర లోపల ముందు వాణ్ణి చూసి, తర్వాత నన్ను చూసింది. వాణ్ణి కింద దింపాల్సిన పనే రాలేదు.

ఇంకొక అలవాటు: "బాబు నీ దగ్గర" అని ఒకరు అంటే, "ఆ, నా దగ్గరే" అని రెండోవాళ్ళు పైకి అనాలి. ఆ జవాబు వినేదాకా చెయ్యి వదలకూడదు.

ఇక దుబాయ్ సంగతి. పోయినసారి అటు మీదుగా వెళ్ళాం. టెర్మినల్ 3 చాలా పెద్దది, గేట్లుండే ఎ, బి భవనాల (కాంకోర్సుల) మధ్య రైలెక్కాలి. పెద్దవాళ్ళు ఒకరు ముందు, ఒకరు వెనక ఉండి పిల్లల్ని మధ్యలో ఎక్కించాలి, లేకపోతే తలుపు మూసుకుంటే టెన్షన్. అయితే అక్కడ స్ట్రోలర్లు ఉచితంగా ఇస్తారు. అది ఎంత ఉపకారమో నాకు తెలుసు. గేటు దగ్గర మన సొంత స్ట్రోలర్‌ని తీసుకుని, మధ్యలో దిగినప్పుడు ఇస్తామని చెప్పి, చివరి ఊళ్ళో సామానుతో ఇచ్చిన ఎయిర్‌లైన్ కూడా ఉంది. నిద్రపోయే పిల్లాడు భుజం మీద, బ్యాగులు చేతిలో ఉంటే పాప చెయ్యి దేంతో పట్టుకోవాలి? ఒకరోజు ఆగి ఊరు చూద్దామనుకుంటే దుబాయే మేలు. టెర్మినల్ 3లో 4 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 2023 నుంచి వేరే పాస్‌పోర్ట్ కౌంటర్లున్నాయి. స్టాంపు తామే వేసుకోవచ్చని పాప క్యూలో నా పక్కనుంచి కదల్లేదు.

ఊళ్ళోకి వెళ్ళకుండా విమానం మారడమే అయితే నా ఓటు దోహాకి. హమద్ ఎయిర్‌పోర్టులో లోపలే రైలుంది, కానీ మా గేట్లు దగ్గరగానే పడ్డాయి, దాని అవసరం రాలేదు. మధ్యలో ఏడు మీటర్ల పసుపు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. తప్పిపోతే ఆ బొమ్మ దగ్గరికి రమ్మని పిల్లలకి చెప్పేవాళ్ళున్నారు. ఆరేళ్ళ పిల్లకి అది సరికాదు. వెతుక్కుంటూ నడిచేకొద్దీ ఇంకా దూరమైపోతుంది. మేం చెప్పింది ఒకటే: కనబడకపోతే ఉన్నచోటే ఆగి, అమ్మా అని గట్టిగా అరువు. బ్యాడ్జి వేసుకున్నవాళ్ళు వస్తే జేబులో చీటీ చూపించు. చీటీ మీద ఫోన్ నంబరుతో పాటు ఫ్లైట్ నంబరు, తేదీ రాశాం. ఇండియా సిమ్ పనిచేయకపోయినా ఫ్లైట్ నంబరు ఉంటే మైకులో పిలవగలరు.

దోహాలో తెలుగు కూడా పనికొస్తుంది. మా మాటలు విని అక్కడ క్లీనింగ్ పనిచేసే జగిత్యాల ఆయన ఒకరు "పోరగాళ్ళతోని ఈ గుంపుల ఎందుకమ్మా, ముంగటికి పోతే ఆడుకునే జాగ ఉన్నది" అని దగ్గరుండి చూపించారు. అక్కడి కంచు బొమ్మల మీద పిల్లలు ఎక్కి ఆడతారు. పక్కనే జనం నడుస్తుంటారు కాబట్టి ఫోన్ చూస్తూ కూర్చునే వీలు మాత్రం లేదు. ఆగాల్సిన సమయం ఎక్కువైతే, టెర్మినల్ లోపలే ఉన్న ఒరిక్స్ హోటల్లో గది తీసుకోవచ్చు. వీసా అక్కర్లేదు, తలుపు గడియ పెట్టుకుని అందరూ ఒకేసారి నిద్రపోవచ్చు.

డాలస్‌లో దిగేసరికి అందరం సోలిపోయి ఉంటాం. సామాను బెల్టు కదలగానే పిల్లలు దాని మీదికి ఉరుకుతారు. ఒకరు బెల్టు దగ్గర, ఒకరు పిల్లలతో గోడ పక్కన ఉండాలి. ఇక కారు విషయం. టెక్సాస్‌లో 8 ఏళ్ళలోపు పిల్లలు 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటకపోతే చైల్డ్ సీట్లోనే కూర్చోవాలి, చట్టం అది. ఎయిర్‌పోర్టుకి వచ్చే బంధువుల కార్లో ఆ సీట్లు ఉన్నాయో లేదో ఇక్కడ బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే మీరే తీసుకెళ్ళండి, చాలా ఎయిర్‌లైన్స్ వాటికి డబ్బు తీసుకోవు.