కాంచన్‌జంగా ‘ప్రాముఖ్యత’ 3,922 మీటర్లట!

ఎవరైనా దిద్దుకోవచ్చనే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం ఒకటుంది, పేరు చెప్పక్కర్లేదు. అందులో కాంచన్‌జంగా వ్యాసం పదకొండు వాక్యాల మొలకగా, అంటే ఇంకా ఎదగని చిన్న వ్యాసంగా, పడి ఉంది. నేను ప్రూఫ్ రీడర్‌ని. తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నాలుగు ఆదివారాలు దాని మీదే కూర్చున్నాను. ఈ రివ్యూ కొండ మీద కాదు, దిద్దడానికి వాళ్లిచ్చిన పరికరాల మీద.

ముందు మంచి చెప్పేస్తాను. ‘మార్చు’ నొక్కితే పేజీ ఉన్నది ఉన్నట్టే తెరుచుకుంటుంది, కోడ్ రానివాళ్లు కూడా భయపడక్కర్లేదు. మూలం చేర్చాలంటే లింకు అతికిస్తే చాలు, శీర్షిక, తేదీ అదే నింపుకుంటుంది. అప్పుడప్పుడు రచయిత పేరు, ఇంటిపేరు తారుమారు చేస్తుంది కాబట్టి ఓ కన్నేసి ఉంచాలి. ఫోన్‌లో మాత్రం పట్టికల జోలికి పోకండి.

అసలు కథ అనువాద పరికరంతో. ఎడమ పక్క ఇంగ్లిష్ వ్యాసం, కుడి పక్క యంత్రం చేసిన తెలుగు. మొదటి పేరా చూసి సంబరపడ్డాను. 8,586 మీటర్లు, ప్రపంచంలో మూడో ఎత్తైన శిఖరం, నేపాల్–సిక్కిం సరిహద్దు, 1852 దాకా ఇదే అన్నిటికంటే ఎత్తైనదని అనుకునేవారన్న ముక్క, అన్నీ సరిగ్గానే వచ్చాయి. తర్వాత సమాచారపెట్టెలో, అంటే వ్యాసం పక్కన ముఖ్యమైన వివరాలు చూపే పట్టికలో, కనిపించింది: ‘ప్రాముఖ్యత: 3,922 మీటర్లు’.

ప్రాముఖ్యతను మీటర్లలో కొలవడం నా సర్వీసులో చూడలేదు. ఇంగ్లిష్‌లో అక్కడున్నది ప్రామినెన్స్. ఒక శిఖరం మీది నుంచి బయల్దేరి అంతకంటే ఎత్తైన ఇంకో శిఖరానికి వెళ్లాలంటే, ఎంత మంచి దారి చూసుకున్నా కనీసం ఇంత కిందికి దిగక తప్పదు అనే లెక్క అది. కాంచన్‌జంగా నుంచైతే 4,664 మీటర్ల ఎత్తున్న చోటు దాకా దిగాలి. 8,586లోంచి అది తీసేస్తే 3,922. ఆ దిగాల్సిన చోటును, అంటే రెండు కొండల మధ్య పల్లాన్ని, ఇంగ్లిష్‌లో ‘శాడిల్’ అంటారు, యంత్రం దాన్ని ‘అత్యల్ప జీను’ అంది. గుర్రం ఎక్కడుందో చెప్పలేదు. నైరుతి పార్శ్వం ‘నైరుతి ముఖం’ అయింది.

పైగా ఇందులో ఒక కాపలా ఉంది. యంత్రం రాసింది రాసినట్టే వదిలేస్తే, ఇంత శాతం మార్చలేదు అంటూ పసుపు పచ్చ హెచ్చరిక వస్తుంది. బాగుంది కదా అనుకున్నాను. పరీక్షకని ఆ పేరాలో ‘మరియు’లన్నీ కొట్టేసి, ‘యొక్క’లు నాలుగు పీకేశాను. హెచ్చరిక మాయమైంది. జీను మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. ఎన్ని మాటలు మార్చామన్నదే దాని లెక్క, ఏ మాట మార్చామన్నది దానికి అక్కర్లేదు.

నాకు నిజంగా నచ్చింది చరిత్ర (ఎవరు ఏం మార్చారో చూపేది), చర్చ పేజీలు. పాత మొలకలో ‘1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ శిఖరాన్ని జయించారు’ అని ఉండేది. తేదీ సరే, పేర్లు సరే. కానీ వాళ్లు చిట్టచివరి కొన వరకూ వెళ్లలేదు. సిక్కిం ప్రజలకు అది పవిత్రమైన కొండ కాబట్టి కొనను తొక్కమని బృంద నాయకుడు చార్లెస్ ఎవాన్స్ ముందే మాట ఇచ్చాడు. మర్నాడు వెళ్లిన నార్మన్ హార్డీ, టోనీ స్ట్రీథర్ కూడా అలాగే కొనకు కాస్త కింద ఆగిపోయారు. అందుకని ‘జయించారు’ తీసేసి ఈ సంగతి రాశాను. అరగంటలో ఎవరో వెనక్కి తిప్పేశారు. ఎందుకు మార్చారో రాసే సారాంశంలో ఒకటే ముక్క: ‘తొలి ఆరోహణ తొలి ఆరోహణే’.

ఒళ్లు మండింది, దాచను. చర్చ పేజీలో మూలం పెట్టి అడిగాను. ఆయన (ఆవిడో!) మర్యాదగానే జవాబిచ్చారు: రికార్డుల్లో దీన్నే తొలి ఆరోహణగా లెక్కేస్తారు, మీ వాక్యం చదివితే ఎక్కలేదేమో అనిపిస్తోంది అని. చూస్తే నిజమే, నా వాక్యం అలాగే ఉంది. చివరికి ఇద్దరం కలిసి రాసింది: ‘తొలి ఆరోహణ 1955 మే 25న జరిగింది, ఇచ్చిన మాట ప్రకారం కొనకు కాస్త దిగువనే ఆగారు’. ‘జయించారు’ మళ్లీ రాలేదు. జీతం తీసుకుని పక్క సీట్లో కూర్చునే ఎడిటర్లతో కూడా ఇంత శుభ్రంగా తేలిన తగువు నాకు గుర్తు లేదు.

రాయడానికి, మూలాలకి ఐదుకి నాలుగు. చరిత్ర, చర్చలకి ఐదుకి ఐదు. అనువాద పరికరానికి రెండు, అదీ అంకెలు సరిగ్గా ఎత్తి రాసినందుకు. ప్రామినెన్స్‌కి తెలుగు మాట ఇంకా తేలలేదు. నేను ‘విడి ఎత్తు’ అన్నాను, ఇంకొకరు ‘ఉబ్బెత్తు’ అంటున్నారు. ప్రస్తుతానికి పెట్టెలో ‘ప్రామినెన్స్’ అనే ఉంది.