60 వేలతో షార్ట్ ఫిల్మా, వెబ్ సిరీసా?

"అన్నా, చేతిల 60 వేలున్నయ్. షార్ట్ ఫిల్మ్ తియ్యాల్నా, సిరీస్ తియ్యాల్నా?" అని అడిగాడు మా ఎడిటింగ్ రూమ్‌కి వచ్చే తమ్ముడొకడు. యూసుఫ్‌గూడ చెక్‌పోస్ట్ దగ్గర చాయ్ తాగుతున్నాం. వాడికి గచ్చిబౌలిలో ఉద్యోగం, శని ఆదివారాలు సినిమా పిచ్చి. ఒక్క ముక్కలో చెప్పమంటే నా వల్ల కాలేదు. రెండూ తీసినవాణ్ణి, రెండింట్లోనూ డబ్బులు పోగొట్టుకున్నవాణ్ణి. అందుకని ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

ముందు షార్ట్ ఫిల్మ్ సంగతి. హైదరాబాద్‌లో ఈ మోజు ఊరికే పుట్టలేదు. 2008లో కెనాన్ ఫైవ్ డీ మార్క్ టూ వచ్చాక, అద్దెకు తెచ్చుకున్న స్టిల్ కెమెరాతోనే సినిమా లాంటి బొమ్మ తీయొచ్చని కృష్ణానగర్ కుర్రాళ్లకి మెల్లగా అర్థమైంది. ఆ తర్వాత కొన్నేళ్లకే యూట్యూబ్ నిండా తెలుగు షార్ట్ ఫిల్మ్‌లే. దర్శకులు సుజీత్, తరుణ్ భాస్కర్, హీరో రాజ్ తరుణ్ ఆ దారిలో వచ్చినవాళ్లే. అందుకే షార్ట్ ఫిల్మ్ అంటే నిర్మాతకి చూపించే విజిటింగ్ కార్డ్ అని ఇప్పటికీ అందరి నమ్మకం. అది అబద్ధమేం కాదు. కాకపోతే అప్పుడు యూట్యూబ్‌లో తెలుగులో కథ చూడాలంటే అవే దిక్కు. ఇప్పుడు అదే ఫోన్‌లో వేలు కదిపితే ఓటీటీ ఉంది, క్రికెట్ హైలైట్స్ ఉన్నాయి, రీల్స్ ఉన్నాయి.

నా షార్ట్ ఫిల్మ్ 18 నిమిషాలు. మోతీనగర్‌లో టెర్రస్ మీద ఒక గది, తండ్రీ కొడుకులు, ఒక్క రాత్రి. రెండు రోజుల షూటింగ్. కెమెరా, రెండు లెన్సులు కలిపి రోజుకు 3,500. లైట్లు, భోజనాలు, తండ్రి వేషం వేసిన నాటకాలాయనకు 5 వేలు, ఆపైన డబ్బింగ్, ఆర్ఆర్ (నేపథ్య సంగీతం), రంగులు సరిచేసే కలర్ పని. అన్నీ అయ్యేసరికి 52 వేలు తేలింది.

అప్‌లోడ్ చేసిన వారానికి యూట్యూబ్ స్టూడియోలో గ్రాఫ్ చూశాను. ఎవరు ఎక్కడిదాకా చూశారో గీత గీసి చూపిస్తుంది కదా, అది. మొదట మా బ్యానర్ లోగో 8 సెకన్లు. తర్వాత కృతజ్ఞతల కార్డులు 15 సెకన్లు (మా బావ పేరు లేకపోతే ఆయన కెమెరామన్‌కి బైక్ ఇచ్చేవాడు కాదు). ఆ తర్వాత తెల్లవారుజామున వాటర్ ట్యాంకుల మీదుగా వెలుగు పాకే షాట్, 28 సెకన్లు. దానికోసం పొద్దున నాలుగున్నరకి లేచాం. ఆ షాట్ అయ్యేసరికి చూస్తున్నవాళ్లలో సగం మంది లేరు. 53వ సెకనులో తండ్రి తలుపు తోసుకుని వచ్చి "తిన్నావా?" అంటాడు. అక్కడి నుంచి గీత దాదాపు చదునుగా పోయింది. కథ మొదలయ్యాక లేచిపోయినవాళ్లు చాలా తక్కువ. పోయినవాళ్లంతా నా సూర్యోదయం చూసి పోయారు.

విచిత్రం ఏమిటంటే, అదే సినిమాని అంతకుముందు ప్రసాద్ ల్యాబ్స్ ప్రివ్యూ థియేటర్‌లో స్నేహితులకి వేసినప్పుడు ఆ 28 సెకన్లూ హాలు నిశ్శబ్దంగా ఉంది. కింద వీధిలో పాలబండి చప్పుడు మేం ఎంత సన్నగా పెట్టామో అది కూడా వినిపించింది. షాట్‌లో తప్పు లేదు. హాల్లో కూర్చున్నవాడు తలుపులు మూసుకుని మన కోసమే కూర్చున్నాడు. ఫోన్‌లో చూసేవాడు బస్సులో ఒంటి చేత్తో రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. వాడికి "తిన్నావా?"తోనే మొదలుపెట్టాలి. వెలుగు తర్వాత చూపించుకోవచ్చు. ఇప్పుడైతే నేను రెండు కాపీలు చేస్తాను, ఒకటి హాలుకి, ఒకటి యూట్యూబ్‌కి. ఫెస్టివల్స్‌కి పంపే ఉద్దేశం ఉంటే యూట్యూబ్‌లో తొందరపడొద్దు. ముందే అందరికీ కనపడేలా పెట్టేసిన సినిమాని కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది, భాషా సాంస్కృతిక శాఖ వాళ్లు సినివారం పేరుతో కొత్తవాళ్ల సినిమాలు వేసింది అక్కడే. తెలియని మనుషుల మధ్య కూర్చుని మన సినిమా చూసుకుంటే పది ఎడిట్లలో తెలియని ల్యాగ్ ఒక్క షోలో తెలిసిపోతుంది.

ఇక సిరీస్. మాది ఐదు ఎపిసోడ్లు, ఒక్కోటి 8 నిమిషాలు, అమీర్‌పేట్ హాస్టల్లో నలుగురు కుర్రాళ్ల కథ. డబ్బు లెక్కలో సిరీస్‌దే పైచేయి. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. నా 18 నిమిషాల సినిమాని మనిషికి సగటున 8 నిమిషాలు చూస్తారనుకుంటే 30 వేల మంది కావాలి. సిరీస్ మొత్తం 40 నిమిషాలు, చివరిదాకా చూసేవాళ్లు 6 వేల మంది దొరికితే చాలు. పైగా సినిమా నచ్చినవాడు లైక్ కొట్టి వెళ్లిపోతాడు. సిరీస్ నచ్చినవాడు తర్వాతి ఎపిసోడ్ కోసం సబ్‌స్క్రైబ్ చేస్తాడు.

ఈ లెక్కలోనే ఒక ఉచ్చు ఉంది. 8 నిమిషాలు దాటితే వీడియో మధ్యలో కూడా యాడ్లు పెట్టుకోవచ్చు. దానికోసం ఆరున్నర నిమిషాల ఎపిసోడ్‌ని సాగదీసి 8 నిమిషాల 4 సెకన్లు చేస్తారు. మేమూ చేశాం. మెట్లెక్కే షాట్, బైక్ స్టార్ట్ చేసే షాట్. రెండో ఎపిసోడ్ కింద ఒకాయన "బ్రో, మెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను" అని కామెంట్ పెట్టాడు.

సిరీస్‌లో అసలు కష్టం మనుషుల్ని కూడేసుకోవడం. సినిమాకి రెండు రోజులు పట్టుకుంటే చాలు. సిరీస్‌కి నెలన్నర పాటు వాళ్ల జుట్టు, గడ్డం, ఉద్యోగం, షిఫ్టు అన్నీ మన చేతిలో ఉండాలి. మూడో ఎపిసోడ్ అయ్యాక మా హీరో వాళ్ల అమ్మ మొక్కు ఉందని తిరుమల వెళ్లి గుండుతో వచ్చాడు. నాలుగో ఎపిసోడ్ సగం అప్పటికే తీసేశాం. టోపీ పెడదామా, విగ్గు తెద్దామా అని రాత్రంతా టెన్షన్. చివరికి తీసిన సగం పారేసి, గుండునే కథలోకి తెచ్చాం. ఉద్యోగం వస్తే జుట్టిస్తానని మొక్కుకున్నవాడు, ఉద్యోగం రాకపోయినా వెళ్లి ఇచ్చేసి వస్తాడు. "రాలేదు కదరా, ఎందుకిచ్చావ్?" అంటే "ఆయన బాకీ ఎందుకు ఉంచుకోవాలి?" అంటాడు. ఐదింటిలో ఎక్కువ కామెంట్లు వచ్చింది దానికే. కూర్చుని రాస్తే నాకు ఆ సీన్ తట్టేది కాదు. షార్ట్ ఫిల్మ్‌లో ఇలాంటి అవకాశమే ఉండదు, రెండో రోజు సాయంత్రం ప్యాకప్ చెప్పాక కథ ఇంక మారదు.

నిలువు వీడియోల గురించి కూడా అడిగాడు తమ్ముడు. 2024 అక్టోబర్ 15 నుంచి యూట్యూబ్ షార్ట్స్ 3 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు, నిజమే. కానీ షార్ట్స్ ఫీడ్‌లో చూసినది ఆ 4,000 గంటల్లో కలవదు, దానికి 90 రోజుల్లో కోటి వ్యూస్ అని వేరే లెక్క. నిలువు ఫ్రేమ్‌లో ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే ఇద్దరి భుజాలూ తెగిపోతాయి. ఫోన్‌తో చేయి తిరగడానికి తీసుకోవచ్చు గానీ, 60 వేలు పెట్టేంత లేదు. తీస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. మన ట్యూబ్‌లైట్ల కింద బొమ్మలో చారలు పాకితే కెమెరా సెట్టింగ్స్‌లో సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ స్పీడ్ సెకనులో 50వ వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలావరకు పోతాయి.

తీసిన సినిమాని పెద్ద యూట్యూబ్ ఛానల్‌కి ఇచ్చేయడం నాకు అచ్చిరాలేదు. పేరు ఎందుకు లెండి. వ్యూస్ వచ్చాయి. కానీ తండ్రీ కొడుకుల కథకి సినిమాలో లేని అమ్మాయి ఫొటోతో థంబ్‌నెయిల్ పెట్టారు. అడిగితే అగ్రిమెంట్‌లో మూడో పేజీ చూపించారు.

చాయ్ దగ్గరికి వస్తే, కథ ఏంటని అడిగాను తమ్ముణ్ణి. కంటి ఆపరేషన్‌కి ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ, బ్యాచిలర్ల రూమ్‌లో రెండు రోజులు ఉంటుంది. అయితే షార్ట్ ఫిల్మే తియ్యి, 12 నిమిషాలు దాటొద్దు అన్నాను. ఆమె ఊరెళ్లిపోతే కథ అయిపోతుంది, ఐదు ఎపిసోడ్లు చేస్తే మధ్యలో మూడు ఆమె నిద్రపోతూ ఉండాలి. అదే ఆ రూమ్‌లో కుర్రాళ్ల గురించి అయితే, వాళ్లని వారం వారం కలవాలనిపిస్తే, సిరీస్ అనేవాణ్ణి. 60లో 40 వేలకే షూటింగ్ ముగించు, 15 సౌండ్‌కి ఉంచు, 5 ప్యాచ్‌వర్క్‌కి, అంటే ఎడిటింగ్‌లో తక్కువపడ్డ షాట్లు మళ్లీ తీయడానికి దాచు, ప్యాచ్‌వర్క్ లేని సినిమా లేదు అని కూడా చెప్పాను.

మొన్న మెసేజ్ పెట్టాడు. "అన్నా, నాయనమ్మ పాత్రకి ఎవ్వరు దొరుకుతలేరు. మా నాయనమ్మనే అడిగిన. రోజుకెంతిస్తవ్ రా అంటున్నది."